ఫైటోసార్ల శిలాజ దంతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫైటోసార్ అంటే పాతకాలపు మొసలేనా?

కాదు. ఇది కోట్ల ఏళ్ల క్రితం అంతరించిన సరీసృపం. చూపుకు మాత్రం అచ్చం మొసలే. పొడవాటి మూతి, వీపు మీద ఎముక పలకలు, పొట్టి కాళ్లు, బలమైన తోక, దవడల నిండా పళ్లు. నదుల్లో, చెరువుల్లో మాటువేసి వేటాడే బతుకు కూడా అదే. వంశం మాత్రం వేరు. ఫైటోసార్లు మొసళ్లకు పూర్వీకులు కావు, వాటి వారసులెవరూ ఇప్పుడు లేరు. మంథని దగ్గర శివ్వారం అభయారణ్యంలో గోదావరి ఒడ్డున ఎండ కాగే మొసళ్లకూ, అదే గోదావరి లోయలో రాళ్లలో దొరికిన ఫైటోసార్లకూ నేరుగా చుట్టరికం లేదు.

పుర్రె దొరికితే తేడా చెప్పడం సులువు. మొసలికి ముక్కు రంధ్రాలు మూతి చివర ఉంటాయి. ఫైటోసార్‌కు అవి కళ్లకు కాస్త ముందు, నుదుటి దగ్గర, చాలా రకాల్లో చిన్న గుట్టలా లేచిన ఎముక మీద ఉంటాయి. పన్ను ఒక్కటే దొరికినప్పుడే చిక్కు. ఈ పేజీలో ఎక్కువ భాగం ఆ చిక్కు గురించే.

ఇవి ఎప్పుడు బతికాయి?

ప్రధానంగా చివరి ట్రయాసిక్‌లో, అంటే సుమారు 23 కోట్ల ఏళ్ల క్రితం నుంచి 20 కోట్ల ఏళ్ల క్రితం వరకు. చైనాలో దొరికిన డయాన్‌డాంగోసూకస్‌ను తొలి ఫైటోసార్‌గా గుర్తించాక వీటి మొదలు మధ్య ట్రయాసిక్‌లోకి జరిగింది. ట్రయాసిక్ ముగింపులో వచ్చిన మహావినాశంలో, సుమారు 20.1 కోట్ల ఏళ్ల క్రితం, ఇవి తుడిచిపెట్టుకుపోయాయి. అందుకని ఎవరైనా "జురాసిక్ ఫైటోసార్ పన్ను" అని చూపిస్తే ఆ లేబుల్‌ను నమ్మకండి.

తెలంగాణలో ఫైటోసార్లు దొరికాయంటారు, నిజమా?

నిజమే. ఇవి ప్రపంచానికంతా తెలిసిన నమూనాలు కూడా. పాత ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత-గోదావరి లోయలో, ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట అనే రాతి పొరలు కింది నుంచి పైకి వరుసగా ఉంటాయి. అన్నీ ఆ లోయలోని ఊళ్ల పేర్లే. వీటిలో మలేరి పొర ఎర్ర మట్టిరాయి, మధ్యమధ్య ఇసుకరాయి, సున్నపు గుళికల రాయి. పారాసూకస్ హిస్లోపీ అనే ఫైటోసార్ ఇందులోనే దొరికింది. సుమారు రెండున్నర మీటర్ల జంతువు. నాగపూర్‌లో ఉండి ఈ ప్రాంతపు శిలాజాలను సేకరించిన స్కాట్లండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లోప్ మీద దానికి ఆ పేరు పెట్టారు.

ఈ జంతువు చరిత్రలో సేకరించేవాళ్లంతా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 1885లో లిడెకర్ అనే ఇంగ్లీషు శిలాజ శాస్త్రవేత్త దీన్ని వర్ణించినప్పుడు ఆధారంగా తీసుకున్న ముక్కల్లో ఫైటోసార్ ఎముకలతో పాటు హైపరోడపెడాన్ అనే మరో సరీసృపం ఎముకలు కలిసిపోయాయి. ఒకే చోట ఏరిన విడి ముక్కలను ఒకే జంతువు అనుకుంటే వచ్చే చిక్కు ఇది. తర్వాత కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందానికి మలేరి పొరలో దాదాపు పూర్తి అస్థిపంజరాలు రెండు దొరికాయి. శంకర్ ఛటర్జీ 1978లో వాటిని వివరంగా వర్ణించారు. ఆ పేరు ఏ నమూనాకు చెందాలన్నది చివరికి 2003లో అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం తేల్చి, ఛటర్జీ వర్ణించిన అస్థిపంజరాల్లో ఒకదాన్ని ప్రామాణిక నమూనాగా ఖాయం చేసింది. అంటే ముక్కలు కలిసిపోయిన తప్పు సరికావడానికి 118 ఏళ్లు పట్టింది.

మలేరిసారస్ అనే బల్లిలాంటి చిన్న సరీసృపం కూడా ఆ పారాసూకస్‌ల కడుపు భాగంలోనే దొరికింది. అవి చివరగా తిన్న ఆహారం అదేనని భావించారు.

మధ్యప్రదేశ్‌లోని టికీ పొరలోనూ ఫైటోసార్లున్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2023లో అక్కడి నుంచి కొలొసోసూకస్ టెక్నియెన్సిస్‌ను ప్రకటించారు. కనీసం 21 జంతువుల ఎముకలు ఒకే చోట దొరికాయి, ఎక్కువ పిల్లలే. పెద్దవి 8 మీటర్లు దాటి ఉంటాయని అంచనా.

ఎముకలకంటే పళ్లే ఎందుకు ఎక్కువగా దొరుకుతాయి?

రెండు కారణాలు. ఫైటోసార్‌కు బతికినన్నాళ్లూ పళ్లు ఊడుతూ, కొత్తవి వస్తూనే ఉంటాయి. ఒక జంతువు ఒకే పుర్రెను వదిలి పోతుంది, పళ్లు మాత్రం వందల్లో రాల్చి పోతుంది. రెండోది ఎనామెల్, అంటే పంటి పైపూత. శరీరంలో అంతకంటే గట్టి పదార్థం లేదు, నదిలో కొట్టుకుపోయినా అరగడం తక్కువ.

అందుకే దొరికే పళ్లలో ఎక్కువవాటికి వేరు ఉండదు. కింది నుంచి కొత్త పన్ను తోసుకొస్తుంటే పాత పంటి వేరు కరిగిపోయి, పైభాగం మాత్రమే రాలుతుంది. రాలిన పంటి అడుగు లోపలికి గుంటపడి, అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. పొడవాటి వేరుతో సహా ఉన్న పన్ను అంటే దవడ విరిగినప్పుడో జంతువు చచ్చాకో బయటపడినదని అర్థం. అలాంటివి అరుదు. అందుకే నకిలీ వేర్లు అతికించి అమ్ముతారు. దాని గురించి కింద చెప్పాం.

ఒకే జంతువు పళ్లు ఇన్ని ఆకారాల్లో ఉంటాయా?

ఉంటాయి. మూతి చివర, కాస్త ఉబ్బిన భాగంలో పెద్ద కోరలు ఉంటాయి. గుండ్రంగా, శంకువులా, కొద్దిగా వంగి ఉంటాయి. వాటి వెనక మూతి పొడవునా సన్నటి శంకువు పళ్లు. నోటి వెనక భాగానికి వచ్చేసరికి పళ్లు పొట్టిగా, పక్కలకు నొక్కినట్టు చదునుగా, రెండు అంచులూ కత్తిలా మారతాయి. ముందువి పట్టుకోవడానికి, వెనకవి కోయడానికి. జర్మనీలో దొరికిన నిక్రోసారస్‌లో ఈ మూడు మండలాలనూ విడివిడిగా వర్ణించారు. సన్నని మూతి రకాల్లో, ఉదాహరణకు మిస్ట్రియోసూకస్‌లో, పళ్ల మధ్య తేడా తక్కువ.

కాబట్టి మీ పెట్టెలో మూడు వేర్వేరు ఆకారాల పళ్లుంటే అవి మూడు జంతువులవని తొందరపడకండి.

నా దగ్గరున్నది ఫైటోసార్ పన్నేనా, ఎలా తేల్చుకోవాలి?

ముందు పంటిని పక్కన పెట్టి లేబుల్ చదవండి. ఎక్కడ దొరికింది, ఏ పొర, ఎంత వయసు? చివరి ట్రయాసిక్ కాకపోతే ప్రశ్న అక్కడితో ముగిసింది. మొరాకోలోని కెమ్‌కెమ్ పొరల నుంచి వచ్చే మొసలి పళ్లు అంగళ్లలో విరివిగా దొరుకుతాయి. అవి క్రెటేషియస్‌వి, ఫైటోసార్లు పోయి 10 కోట్ల ఏళ్లు గడిచాక వచ్చినవి.

వయసు సరిపోతే 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకుని, పక్క నుంచి పడే వెలుతురులో పంటి అంచులు చూడండి. ఫైటోసార్ పళ్లలో చాలావాటికి ముందు అంచునా వెనక అంచునా సన్నని రంపపు నొక్కులుంటాయి. మూతి చివరి కోరల్లో అవి మసకగా ఉండవచ్చు, కొన్ని రకాల్లో అసలు ఉండకపోవచ్చు. నదిలో దొర్లి అరిగిపోయిన పంటికీ నొక్కులు కనబడవు. అందుకే అంచును చివరి నుంచి అడుగు దాకా చూడాలి. అడుగు దగ్గర, అరుగుదల తగలని చోట, కొన్ని నొక్కులైనా మిగిలి ఉంటాయి.

తర్వాత అడ్డంగా చూస్తే ఆకారం ఎలా ఉందో గమనించండి. గుండ్రమా, కోడిగుడ్డు ఆకారమా, ఒకవైపు ఉబ్బి మరోవైపు చదునా? మూడోది ఫైటోసార్ వెనక పళ్లలో తరచుగా కనబడుతుంది.

అవే పొరల్లో దొరికి గందరగోళపెట్టేవి కొన్ని ఉన్నాయి. మెటోపోసార్ అనే పెద్ద ఉభయచరం పళ్లు శంకువులే, కానీ రంపం ఉండదు, అడుగు భాగంలో నిలువు గాడులు దట్టంగా ఉంటాయి, విరిగిన చోట చూస్తే దంతపదార్థం మడతలు పడి ఉంటుంది. ఊపిరితిత్తుల చేప సెరాటోడస్ పన్ను విసనకర్రలా గట్లు తేలిన పలక. దాన్ని ఒకసారి చూసినవారు మళ్లీ పొరబడరు, మలేరిలోనూ అది దొరుకుతుంది. నేల మీద వేటాడే, మొసళ్ల దూరపు బంధువులైన రావిసూకియన్ల పళ్లు మాత్రం నిజంగా కష్టం. పెద్దవి, చదునైనవి, రంపం ఉన్నవి. వాటిని ఫైటోసార్ వెనక పళ్ల నుంచి వేరు చేయడంలో నిపుణులు కూడా తడబడతారు.

డైనోసార్ పన్ను అన్న పేరుతో ఫైటోసార్ పన్నును అమ్మడం ఈ రంగంలో అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు. న్యూమెక్సికో ట్రయాసిక్ నుంచి వచ్చే చదునైన ప్రతి చిన్న పన్నుకూ సీలోఫైసిస్ అనే చిన్న డైనోసార్ పేరుతో చీటీ అంటిస్తారు. సీలోఫైసిస్ పళ్లు చాలా చిన్నవి, పల్చనివి, వెనక్కి బాగా వంగినవి. రెండు సెంటీమీటర్లున్న దళసరి పన్ను సీలోఫైసిస్‌ది కాదు.

"ట్రయాసిక్ మొసలి పన్ను" అన్న లేబుల్‌నూ అనుమానించండి. మొసళ్ల వంశం అప్పటికే ఉన్నా, ఆ కాలపు సభ్యులు సన్నని కాళ్లతో నేల మీద పరిగెత్తే చిన్న జంతువులు. పెద్ద శంకువు పన్నైతే అది దాదాపు ఎప్పుడూ ఫైటోసార్‌దే.

పన్ను చూసి ఏ జాతి ఫైటోసారో చెప్పవచ్చా?

చెప్పలేం. జాతుల తేడాలు పుర్రె వెనక భాగంలో, ముక్కు రంధ్రాల స్థానంలో, కణత దగ్గరి ఎముకల్లో ఉంటాయి. విడి పన్నుకు "ఫైటోసార్, జాతి తెలియదు" అన్నదే నిజాయితీగల పేరు. రుటియోడాన్, స్మైలోసూకస్, రెడొండాసారస్ అని అచ్చేసిన చీటీలు చాలామటుకు ఆ పొరలో దొరికిన పుర్రెల పేరును పన్నుకు అరువిచ్చినవే. దొరికిన పొర కచ్చితంగా తెలిస్తే ఆ ఊహకు కొంత బలం ఉంటుంది, తెలియకపోతే ఏమీ ఉండదు.

అమెరికాలో ఉంటున్నాం. అక్కడ మేమే వెళ్లి ఏరుకోవచ్చా?

స్థలాన్ని బట్టి. ఆరిజోనా, న్యూమెక్సికోల్లోని చిన్లే పొరలు, పశ్చిమ టెక్సస్‌లోని డోకమ్ పొరలు ఫైటోసార్ పళ్లకు పేరుపడ్డవి. ఫీనిక్స్, డాలస్ తెలుగువాళ్లు చాలామంది ఈ ప్రశ్న అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

ఫెడరల్ భూముల్లో వెన్నెముక ఉన్న ఏ జంతువు శిలాజాన్నైనా పర్మిట్ లేకుండా తీయకూడదు. నేల మీద పడి ఉన్న ఒక్క పన్నుకూ ఇది వర్తిస్తుంది. 2009 నాటి పురాజీవ వనరుల పరిరక్షణ చట్టం ఈ నియమాన్ని ఖాయం చేసింది. పర్మిట్లు పరిశోధకులకే ఇస్తారు. భూనిర్వహణ బ్యూరో (బీఎల్ఎం) అనే ఫెడరల్ సంస్థ భూముల్లో శిలగా మారిన కర్రను రోజుకు 25 పౌండ్లు, ఇంకో ముక్క, ఏడాదికి 250 పౌండ్ల వరకు సొంతానికి తీసుకోవచ్చు. కర్రకు ఉన్న ఆ వెసులుబాటు పన్నుకూ ఉందనుకుని చాలామంది పొరబడతారు. పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో కర్రయినా, పన్నయినా, మామూలు రాయయినా ముట్టరాదు. టెక్సస్‌లోని పాలోడ్యూరో క్యాన్యన్ స్టేట్ పార్కులోనూ అంతే. నవాహో ఆదివాసీ భూముల్లో ఆ జాతి ప్రభుత్వపు అనుమతి కావాలి.

మిగిలింది ప్రైవేటు భూమి. యజమాని రాతపూర్వక అనుమతి తీసుకోండి, అందులో దొరికినవి ఎవరికి చెందుతాయో స్పష్టంగా రాయించుకోండి. నోటి మాట మీద వెళితే తర్వాత ఆ పన్నును మ్యూజియం కూడా తీసుకోదు. సరిహద్దు కంచె ఎక్కడుందో ఫోన్ మ్యాప్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. ఆ ప్రాంతంలో ప్రైవేటు, రాష్ట్ర, ఫెడరల్ భూములు చదరంగం గడుల్లా పక్కపక్కనే ఉంటాయి.

మరి తెలంగాణలో?

ఏరకండి, ఫొటో తీసి తెలియజేయండి. ఆ ప్రాంతంలో చాలాభాగం అటవీ భూమి, కొంత అభయారణ్యం. అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్ట్‌లో రాయి తవ్వడం కూడా నేరమే. అంతకంటే ముఖ్యం, మలేరి లాంటి చోట విడి పన్ను వెనక ఒక దవడ, దాని వెనక ఒక అస్థిపంజరం మట్టిలో ఉండే అవకాశం ఉంది. పైనున్న పన్ను జేబులో పడితే ఆ జాడ పోతుంది. పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి రెండు ఫొటోలు, చుట్టుపక్కల కనబడేలా ఒక దూరపు ఫొటో, ఫోన్‌లో జీపీఎస్ అంకెలు తీసుకుని హైదరాబాద్‌లోని జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికో, దగ్గరి విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన విభాగానికో పంపండి.

అమెరికాలో అనుమతి ఉన్న చోట వెతకడానికి ఏ వేళ మంచిది, ఎక్కడ చూడాలి?

వానల తర్వాత, నేల పూర్తిగా ఆరాక. ప్రతి వానా కొత్త మట్టిని కడిగి కొత్త పళ్లను బయటపెడుతుంది. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలో ఎనామెల్ మెరుస్తుంది, మిట్టమధ్యాహ్నం అన్నీ ఒకేలా కనబడతాయి. ఎండను ఎదురుగా పెట్టుకుని, వాలు అడుగు నుంచి మొదలుపెట్టి అడ్డంగా నడుస్తూ పైకి వెళ్లండి. రాలిన ముక్కలు కిందికే దొర్లుతాయి కాబట్టి, అవి ఏ ఎత్తులో ఆగిపోతాయో అదే మూలపొర. ఊదా, బూడిద రంగు మట్టిరాళ్ల మధ్య సున్నపు గుళికలతో నిండిన సన్నని గరుకు పొర కనబడితే అక్కడ ఆగండి. పాత నది అడుగున పళ్లు, ఎముక ముక్కలు అలాంటి చోటే పోగుపడతాయి.

చీమల పుట్టలనూ వదలకండి. అమెరికా పశ్చిమాన హార్వెస్టర్ చీమలు పుట్ట పైకప్పుకు చిన్న గులకరాళ్లు మోసుకొస్తాయి, వాటిలో మిల్లీమీటర్ల పరిమాణం పళ్లుంటాయి. పుట్టను తవ్వొద్దు, పైన చూసి తీయండి.

మనిషికి కనీసం 4 లీటర్ల నీళ్లు. రాతి పగుళ్లలో చెయ్యి పెట్టొద్దు, గిలక పాములుంటాయి. చిన్లే మట్టి తడిస్తే కారు దిగబడుతుంది, మబ్బు పడితే వెనక్కి తిరగండి.

పన్ను కనిపించింది. తీయడం ఎలా?

ముందు ఫొటో, జీపీఎస్, పొర రంగు నోట్సులో రాయడం. ఆ తర్వాతే చెయ్యి.

మట్టి మీద వదులుగా ఉంటే రెండు వేళ్లతో తీయండి. సగం పూడుకుని ఉంటే లాగకండి. పంటికి అప్పటికే అడ్డంగా చీలికలుంటాయి, లాగితే కొస మీ వేళ్లలో, మొదలు నేలలో మిగులుతుంది. చుట్టూ రెండు సెంటీమీటర్ల దూరంలో సన్నని పనిముట్టుతో గాడి చేసి, మట్టి పెళ్లతో సహా లేపండి. చీలికలు కదులుతుంటే ముందు పలచని జిగురు రెండు చుక్కలు వేసి, పూర్తిగా ఆరేదాకా ఆగండి. టిష్యూలో చుట్టి, అల్యూమినియం రేకులో మడిచి, మూత ఉన్న చిన్న డబ్బీలో పెట్టండి. ఒక డబ్బీలో ఒక పన్నే. విరిగిన ముక్కలన్నీ, బియ్యపు గింజంతవి కూడా, అదే డబ్బీలో.

ఇంటికొచ్చాక నీళ్లతో కడగవచ్చా?

చిన్లే పన్నును నీళ్లలో నానబెట్టడం దాన్ని పాడుచేసే అన్నిటికంటే వేగమైన మార్గం. ఆ మట్టిలో అగ్నిపర్వతపు బూడిద నుంచి పుట్టిన బెంటొనైట్ అనే బంకమట్టి ఉంటుంది. తడి తగలగానే అది ఉబ్బుతుంది. పంటి చీలికల్లో, లోపలి బోలులో ఉన్న మట్టి ఉబ్బి పన్నును లోపలి నుంచి పగలగొడుతుంది. నిమిషాల్లో జరిగిపోతుంది.

పొడిగానే పని చేయండి. మెత్తని బ్రష్, పట్టుకర్రలో బిగించిన సన్నని సూది, భూతద్దం చాలు. సూది ఎప్పుడూ పంటికి దూరంగా తోయాలి, పంటి వైపు కాదు. మొండిగా అంటుకున్న మట్టి మీద దూదిపుల్లతో అసిటోన్ అద్ది, మెత్తబడ్డ చోట గీకండి. అసిటోన్ మట్టిని ఉబ్బించదు. గోళ్ల రంగు చెరిపే ద్రావణం వాడొద్దు, అందులో నూనెలు కలుస్తాయి.

వెనిగర్, నిమ్మరసం, బాత్‌రూమ్ ఆసిడ్ ఏదీ తగలనీయొద్దు. పన్ను కాల్షియం ఫాస్ఫేట్, ఆమ్లం దాన్ని తినేస్తుంది. ప్రయోగశాలల్లో నియంత్రించిన పలచని ఆసిటిక్ ఆమ్లంతో సున్నపురాయి కరిగించే మాట నిజమే, అది ఇంట్లో చేసే పని కాదు.

రంపపు నొక్కుల మధ్య గట్టిపడ్డ మట్టిని అలాగే వదిలేయండి. దాన్ని తీయబోతే నొక్కులు పోతాయి, గుర్తింపుకు ఆధారం అవే.

ఏ జిగురు వాడాలి?

పారాలాయిడ్ బి-72, గుళికల రూపంలో దొరికే ప్లాస్టిక్ రెసిన్. మ్యూజియంలు వాడేది ఇదే. ఎప్పుడు కావాలన్నా అసిటోన్‌తో మళ్లీ కరిగించి తీయవచ్చు. పంటిని గట్టిపరచడానికి 100 మి.లీ. అసిటోన్‌కు 5 గ్రాముల గుళికలు. అతికించడానికి అయితే 50 గ్రాముల దాకా. గుళికలను సీసాలో నేరుగా పోస్తే అడుగున ముద్దకట్టి కరగవు. గుడ్డ మూటలో కట్టి ద్రావణంలో వేలాడదీసి, మూత బిగించి రాత్రంతా ఉంచండి. గాజు సీసానే వాడండి, చాలా ప్లాస్టిక్ గ్లాసులు అసిటోన్‌లో కరుగుతాయి. కిటికీలు తెరిచి పెట్టాలి, దగ్గర్లో పొయ్యి వెలగకూడదు.

పలచని ద్రావణాన్ని డ్రాపర్‌తో, పన్ను పీల్చుకోవడం ఆపేదాకా వేయండి. మెరుపు మిగిలితే అసిటోన్ అద్దిన గుడ్డతో తుడవండి. పంటి మీద తెల్లటి పొర కమ్మితే పన్ను తడిగానో, గాలి తేమగానో ఉందని అర్థం. వానాకాలంలో ఈ ఇబ్బంది ఎక్కువ. ఎండ కాసిన రోజు అసిటోన్‌తో తుడిచి మళ్లీ చేయండి.

సూపర్ గ్లూ త్వరగా పట్టుకుంటుంది, కానీ తప్పుగా అతికితే విడదీయడం కష్టం. వార్నిష్, లక్క వద్దు.

పాలిష్ చేస్తే అందంగా ఉంటుందిగా?

చేయొద్దు. పంటి మీది సూక్ష్మమైన గీతలను చదివే ఆ జంతువు ఏం తినేదో పరిశోధకులు అంచనా వేస్తారు. పాలిష్‌తో ఆ గీతలన్నీ పోతాయి.

కొనేటప్పుడు మోసపోకుండా ఏం చూడాలి?

మామూలు ఫైటోసార్ పళ్లు ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్లు. వేరు లేని చిన్న పళ్లు చవక, వాటిని ఎవరూ నకిలీ చేయరు. ఐదు సెంటీమీటర్లు దాటిన కోరలు, వేరుతో ఉన్నవి, దవడలో నిలిచిన వరుస పళ్లు చూస్తే జాగ్రత్త పడండి.

పైభాగం, వేరు కలిసే చోట చూడండి. రంగు, చీలికల వరుస ఒక్కసారిగా మారితే రెండు పళ్ల ముక్కలు అతికించారు. ఇసుకలో జిగురు కలిపి పూసిన భాగంలో భూతద్దం కింద గాలి బుడగలు కనబడతాయి. చీకట్లో అతినీలలోహిత దీపం వేస్తే జిగురు, పూతలు చాలావరకు నీలంగానో తెల్లగానో వెలుగుతాయి, శిలాజం వేరే రంగులో ఉంటుంది. దవడ ముక్కలో అన్ని పళ్లూ ఒకే పొడవు, ఒకే కోణంలో ఉంటే నమ్మకండి. పళ్లు వేర్వేరు సమయాల్లో మారతాయి కాబట్టి నిజమైన దవడలో ఖాళీ గుంతలు, సగం పెరిగిన పళ్లు ఉంటాయి.

రెండు మూడు ముక్కలు అతికించిన పన్ను మోసం కాదు. చెప్పకుండా అతికించి అమ్మడమే మోసం. రాష్ట్రం, కౌంటీ, పొర పేరు, ప్రైవేటు భూమి అన్న మాట రాసివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఈ శిలాజాల్లో యురేనియం ఉంటుందా?

కొన్నిటిలో ఉంటుంది. చిన్లే పొరల్లో యురేనియం గనులే నడిచాయి, అక్కడి ఎముకలు, కర్రలు ఆ ఖనిజాన్ని పీల్చుకుంటాయి. ఒకటి రెండు పళ్ల గురించి భయపడక్కర్లేదు. గీకేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ధూళిని తడిగుడ్డతో తుడవండి, పెద్ద ఎముక ముక్కలుంటే పడకగదిలో కాక గాలి ఆడే చోట ఉంచండి.

లేబుల్ మీద ఏం రాయాలి?

జీపీఎస్ అంకెలు, ఊరు లేదా రాంచ్ (పశువుల క్షేత్రం), కౌంటీ, పొర పేరు, మూలపొరలో దొరికిందా, రాలి కింద దొరికిందా, తేదీ, భూయజమాని అనుమతి ఉందా, ఏ జిగురు వాడారు. పెన్సిల్‌తోనో చెరగని సిరాతోనో ఆమ్లరహిత కాగితం మీద. పంటి మీద కనబడని చోట పారాలాయిడ్ చిన్న పట్టీ వేసి, అది ఆరాక దాని మీద నంబరు రాయండి. అదే నంబరు పుస్తకంలోనూ ఉండాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఫైటోసార్లు చివరి ట్రయాసిక్ రాళ్ల వయసును పోల్చడానికి వాడే జంతువులు. పారాసూకస్ ఉన్న పొర తొలిది, రెడొండాసారస్ ఉన్నది చివరిది. చోటు తెలిసిన పన్ను, అదే పొరలో రేపు దొరికే పుర్రెతో కలిసి ఒక పరిశోధనలోకి వెళ్లగలదు. చోటు తెలియనిది ఎంత పెద్దదైనా అలంకారంగానే మిగులుతుంది.

ఎముకలో గుచ్చుకున్న పన్ను దొరికితే?

దాన్ని బయటికి లాగకండి, శుభ్రం కూడా చేయకండి. అలాగే చుట్టి మ్యూజియానికి చూపించండి. న్యూమెక్సికో చిన్లే నుంచి వచ్చిన ఒక రావిసూకియన్ తొడ ఎముకలో ఇలాగే ఫైటోసార్ పన్ను విరిగి మిగిలింది. 2014లో పరిశోధకులు దాన్ని తీయకుండా సీటీ స్కాన్ చేసి, లోపలున్న పంటి ఆకారాన్ని త్రీడీ ప్రింటులో బయటికి తెచ్చి అది ఫైటోసార్‌దని తేల్చారు. పన్ను చుట్టూ ఎముక మళ్లీ పెరిగి ఉంది, అంటే ఆ దాడి తర్వాత జంతువు బతికింది. నేలమీద ఆ రావిసూకియనే అందరికంటే పెద్ద వేటజంతువు అనుకునేవారు. దాని మీదకూ నీటిలోని ఫైటోసార్ వచ్చిందని ఆ ఒక్క పన్ను చూపించింది. ఎవరైనా పట్టకారుతో దాన్ని ముందే పీకి ఉంటే మానిన ఎముక పగిలేది, పన్ను విడిపడి మరో మామూలు పన్నుగా డబ్బాలో చేరేది.